రాజుగారి నుదురు

పోయింది పతకం. సత్యప్రియ అడిగిన మొదటి ప్రశ్న మాత్రం, దాన్ని ఎవరు కడిగేవారని.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ లావణ్య తెల్లబోయి చూసింది. కొన్నాళ్లుగా ఫోన్లలోనూ ఎదురుగానూ ఆమెని అందరూ అడుగుతున్నది ఒకటే, ఎక్కడ దాచేవు, ఎవరికిచ్చేవు అని. కడగడం గురించి అడిగినవాళ్లు లేరు.

"అత్తయ్యగారికి కళ్లల్లో శుక్లాలొచ్చిన దగ్గర్నుంచీ నేనేనండీ. అంతకుముందు ఆవిడే. ప్రతి శుక్రవారం కడిగి, బొట్టు పెట్టి, దేవుడి దగ్గర పెట్టేవాళ్లం."

"దేంతో కడిగేవారు?"

"చింతపండుతోనండీ. ఆనక విబూదితో తోమేదాన్ని. వెండి కదండీ మరి."

సత్యప్రియకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. పాత సైనిక వస్తువులు సేకరించేవాళ్లెవరైనా ఈ మాట వింటే గుండె పట్టుకుని కూలబడతారు. వాళ్లకి పతకం మీద పేరుకున్న నలుపే ప్రాణం. మెత్తటి గుడ్డతో దుమ్ము దులపడానికి కూడా ఆలోచిస్తారు. ఇక్కడ చూస్తే ఈ ఇంటి ఆడవాళ్లు ఇన్ని తరాలుగా దాన్ని మరచెంబుతో సమానంగా తోమి పారేశారు.

ఆ పతకం కథ ఆమెకి అప్పటికే తెలుసు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఈ ఇంటి పెద్ద అప్పన్న పటాలంలో చేరి, ఓడెక్కి బస్రా వెళ్లి, అక్కడ చూపించిన ధైర్యానికి తెల్లదొరల చేతిమీదుగా వెండి పతకం పుచ్చుకుని తిరిగొచ్చాడు. ఒకవైపు రాజుగారి తల, పక్కకి తిరిగి ఉంటుంది. అంచు చుట్టూ సిపాయి నంబరు, పేరు, పటాలం. ఇప్పుడు దానికి హక్కుదారు అప్పన్న మనవడి భార్య సుబ్బాయమ్మ. ఆవిడ కొడుకు సాయిదుర్గాప్రసాద్‌కి కువైట్‌లో ఉద్యోగం. కోడలు లావణ్య మలికిపురం పక్కనున్న ఈ పల్లెలో అత్తగారి దగ్గరే ఉంటోంది.

ఇలాంటి పతకాలు ఆన్‌లైన్ వేలంలో లక్షలు పలుకుతాయని కనిపెట్టింది ప్రసాదే. తల్లిని నెలల తరబడి బతిమాలి ఒప్పించాడు. వచ్చినదాంట్లో సగం చెల్లెలు రత్నానికి ఇవ్వాలన్న షరతు మీద ఆవిడ సరేనంది. ప్రసాద్ తన పేర వేలం కంపెనీలో ఖాతా తెరిచాడు. కంపెనీ నిపుణుడు గోపీకృష్ణ ఈ ఇంటికి వచ్చి, పతకం చూసి, వీధి అరుగు మీద ఫొటోలు తీసుకుని, అసలైనదేనని సర్టిఫికెట్ ఇచ్చాడు. హైదరాబాదులో డాక్టరుగారొకాయన పోటీపడి పాడుకున్నారు. లావణ్య డబ్బా కట్టి కొరియర్లో పంపింది. ఆయన విప్పి చూసుకుంటే, ఫొటోలో గడ్డం వెంట్రుకలతో సహా నిగనిగలాడిన రాజుగారి బొమ్మకీ, చేతికొచ్చిన అరిగిపోయిన బిళ్లకీ పోలికే లేదు. దాన్ని కంపెనీకి తిప్పికొట్టి, ఫొటోలో ఉన్న పతకం ఎక్కడుందో కనిపెట్టమని ఆ పని సత్యప్రియకి అప్పజెప్పారు.

సత్యప్రియకి అమలాపురంలో రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసు ఉంది. అది పెట్టకముందు ఇదే వేలం కంపెనీలో, ఇదే గోపీకృష్ణ పక్క బల్ల దగ్గర కూర్చుని పతకాలు పరీక్షించేది. అందుకే డాక్టరుగారు ఆమెని వెతుక్కుంటూ వచ్చారు.

డబ్బా కట్టింది లావణ్య కాబట్టి, మార్చింది కూడా లావణ్యే అని కంపెనీ తేల్చేసింది. అసలుది బయటపెట్టకపోతే రేపు పోలీసు కంప్లయింటు. లావణ్య మాత్రం మొదటినుంచీ ఒకే మాట మీద నిలబడింది. తను పంపింది ఇంట్లో ఉన్న పతకమేనట. ఫొటోలో ఉన్నదే తమది కాదట. దొంగ చెప్పే మాటలు ఇలాగే అడ్డదిడ్డంగా ఉంటాయని కంపెనీవాళ్లు నవ్వారు.

"వేలంలో ఫొటో చూడగానే తెలిసిందా?"

"ఆయ్. వెంటనే ఆయనకి ఫోన్లో చెప్పేనండీ, ఇది మనది కాదూ అని. కెమెరాలో అలాగే పడుతుంది, నీకేం తెలుసు, నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను."

"మీదాన్ని మీరెలా గుర్తుపడతారు?"

లావణ్య కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మా రాజుగారికి నుదురు లేదండీ. ముక్కుంది, గడ్డం ఉన్నట్టుంది. కన్ను పైనంతా గుంట."

ఇదే మాట కంపెనీలోనూ చెప్పిందట. తిరిగొచ్చిన బిళ్ల ఫొటో చూసి కల్లబొల్లి కథ అల్లిందని కొట్టిపారేశారు. ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు. లావణ్య ఆ ఫొటో చూసిన మాట నిజం. కాబట్టి ఆ ఫొటో చూడని మనిషి నోట రావాలి ఆ మాట.

సత్యప్రియ పూజగది చూస్తానంది. గది అంటే వంటింటి గోడలో ఒక గూడు, దానికి చిన్న తలుపులు. పటాల ముందు పీట మీద కుంకుమ భరిణె, దీపాల కుందులు, అరచేతిలో ఇమిడేంత లక్ష్మీదేవి వెండి రూపు. పతకం ఉండే చోటు ఖాళీగా ఉంది. చెక్క మీద గుండ్రంగా మచ్చ. కాలిపర్‌తో ఆ మచ్చని కొలిచి, చేతి సంచిలోంచి భూతద్దం తీసి రూపుని వెలుగులోకి తిప్పింది. చేతుల్లో పద్మాలు రేకులతో సహా ఉన్నాయి. చీర కుచ్చెళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. మొహం మాత్రం చప్పిడిగా ఉంది. కనుబొమల మధ్య చిన్న పల్లం. దీపపు కుందులకీ అంతే. బొట్టు పెట్టే చోట గీతలన్నీ చెరిగిపోయి, మిగతా చోట నిలిచాయి.

ఆమె ఆ పల్లం మీద బొటనవేలు ఆనించింది. తన తల్లి కూడా ఇలాగే తోమేది. బొట్టు మరక పోకపోతే అక్కడే బొటనవేలితో నొక్కి నొక్కి రుద్దేది. ఏ ఇంట్లోనైనా అంతే, మొక్కే చోటే ముందు అరుగుతుంది.

పెరటి వసారాలో సుబ్బాయమ్మ మడత మంచం మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీపురుకి గీస్తోంది. చేతులకి అలవాటైన పని, కళ్లతో అవసరం లేదు. సత్యప్రియ పక్కన కూర్చుని, తిరిగొచ్చిన పతకం ఫొటో ఎవరైనా చూపించారా అని అడిగింది. చూపించినా తనకి కనపడదు కదా, గోపీకృష్ణగారు ఫోన్లో నకిలీదని చెప్పేరంతే, అంది ఆవిడ. అది ఎలా ఉందో లావణ్య వర్ణించలేదా అంటే, ఆ పిల్ల ఏడవడం తప్ప ఏమీ చెప్పలేదంది.

"బొట్టు ఎక్కడ పెట్టేవారు పిన్నిగారూ, పతకానికి?"

"ఎక్కడ పెడతావమ్మా. దేవుడికైనా దొరకైనా నుదుటి మీదేగా." ఈనె పక్కన పడేసి ఉంగరపు వేలు గాల్లో ఆడించింది. "వేలు అక్కడికెళ్లి కూర్చునేది. చీకట్లో కూడా పెట్టేసేదాన్ని. మా అత్తగారు పెట్టేరు, వాళ్లత్తగారు పెట్టేరు. గాంధీగారి రోజుల్లో ఊళ్లోవాళ్లు వెక్కిరించేవారంట, మీ ఇంట్లో తెల్లదొరకి పూజలేంటీ అని. దొరకి కాదర్రా, ప్రాణాలతో తిరిగొచ్చినందుకు అనేదంట ఆవిడ."

సత్యప్రియ చూడవలసింది చూసింది. ఆ వేలు చాలు.

పొద్దువాలే వేళకి గోపీకృష్ణ కారు వీధిలో ఆగింది. ఇస్త్రీ మడత చెదరని లాల్చీ, చేతిలో తోలు పెట్టె. వసారాలో సత్యప్రియని చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"మీరింకా ఆ భూతద్దం మోస్తూనే ఉన్నారా అండీ? ఇప్పుడంతా కంప్యూటర్లే చూసేస్తున్నాయి."

"కంప్యూటరుకి కుంకుమ కనపడదు కదండీ," అంది సత్యప్రియ.

అతను ఆ మాట పట్టించుకోనట్టు సుబ్బాయమ్మ ఎదుట కుర్చీ లాక్కున్నాడు. గొంతులో తేనె ఉంది. పెద్దమ్మగారిని ఈ వయసులో పోలీసుల చుట్టూ తిప్పడం తనకి ఇష్టం లేదన్నాడు. కంపెనీతో తగాదా పడి ఒక దారి సంపాదించానన్నాడు. తిరిగొచ్చిన వస్తువు ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి తెచ్చాడట. దాన్ని చూసి, ఇది మాది కాదు అని ఫోన్ కెమెరా ముందు ఆవిడ ఒక్క మాటంటే చాలట. దారిలో కొరియర్ వాళ్లు మార్చేశారని కంపెనీ రాసుకుంటుంది, లావణ్య మీద కేసు ఉండదు, ఆ నకిలీ ముక్కని కంపెనీయే నాశనం చేస్తుంది.

"అలాక్కాకుండా మాదే అన్నారనుకోండి, అప్పుడు మీ కోడలే ఒకటి చూపించి ఇంకొకటి పంపినట్టవుతుంది. నా చేతుల్లో ఏమీ ఉండదు. మీ ఇష్టం."

లావణ్య స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. సుబ్బాయమ్మ ఒళ్లోని ఈనెలన్నీ సర్ది పక్కన పెట్టింది. ఈ అత్తగారు కోడల్ని మెచ్చుకోగా విన్నవాళ్లు ఆ వీధిలో లేరు. పొద్దున్న కూడా పులుసులో ఉప్పెక్కువైందని సత్యప్రియ ఎదుటే సణిగింది. ఇప్పుడు మాత్రం రెండో మాట లేకుండా తలూపింది.

"దాని మీదకి రాకుండా ఉంటే చాలు బాబూ. ఏం చెప్పమంటే అది చెబుతాను. పతకం పోతే పోయింది."

గోపీకృష్ణ ఫోన్ని బల్ల మీద నీళ్ల చెంబుకి ఆనించి, రికార్డింగు మొదలుపెట్టాడు. పెట్టె పైకెత్తి చూపించాడు.

సత్యప్రియకి ఇంతసేపూ మనసులో నలుగుతున్నది అప్పుడు విడిపోయింది. నకిలీ ముక్క కోసం ఇంత దూరం కారేసుకుని ఎవరూ రారు. అమ్మినదాన్ని కొన్నవాడు తిప్పికొడితే అది మళ్లీ ఇంటివాళ్లదే. వాళ్లంతట వాళ్లు మాది కాదంటేనే దానికి దిక్కులేకుండా పోతుంది. ఈ మనిషికి కావలసింది ఆ ఒక్క మాట.

"పిన్నిగారికి చూపు లేదండీ," అంది నెమ్మదిగా. "ప్లాస్టిక్ లోంచి చూసి మాది కాదంటే ఏ కోర్టులోనూ నిలవదు. చేతికివ్వండి."

"సీలు తియ్యకూడదు."

"రికార్డింగు అవుతోంది కదండీ. మీరే తీశారని తెలుస్తుంది. ఆవిడ తడిమి చూస్తానంటే మీరు ఒప్పుకోలేదని కూడా తెలుస్తుంది."

గోపీకృష్ణ ఫోన్ వైపు చూశాడు. తను పెట్టిన కెమెరా తనకే అడ్డం తిరిగింది. పళ్లు బిగించి సీలు చింపి, పతకాన్ని ముసలావిడ అరచేతిలో పెట్టాడు.

సుబ్బాయమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. పక్క తెలియడానికి ఒకసారి తిప్పింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ ఉంగరపు వేలు వెళ్లి రాజుగారి నుదుటి పల్లంలో కూర్చుంది. అచ్చు కుదిరినట్టు కూర్చుంది. వేలు తియ్యలేదు.

"పిన్నిగారూ, లావణ్య సంగతి నేను చూసుకుంటాను. మీరు నిజమే చెప్పండి."

ఆవిడ పతకం మీదకి తల వంచింది. అది ఎంత కష్టమైన మాటో సత్యప్రియకి తెలుసు. ఒకవైపు కోడలు, ఒకవైపు ఆ పల్లం.

"ఇది మాదే," అంది చివరికి.

గోపీకృష్ణ జాలిగా నిట్టూర్చాడు. అరిగిన బిళ్ల ఎవరి వేలికైనా కుదురుతుందన్నాడు. లావణ్య ఎక్కడో అంగట్లో పాత పతకం కొని, రుద్ది తయారు చేసి ఉంటుందన్నాడు. సత్యప్రియ లోపలికెళ్లి లక్ష్మీదేవి రూపు తెచ్చి పతకం పక్కన పెట్టింది. దేవి నుదురు, రాజు నుదురు. రెండు పల్లాలూ ఒకే చేతి పని. ఒక్క నెలలో అలా అరగదీస్తే గీతలు మిగులుతాయి. వీటి అడుగు ఏటి రాయిలా నున్నగా ఉంది. తర్వాత జాకెట్టుకున్న పిన్నీసు తీసి, పతకానికి రిబ్బను తగిలించే కొక్కెం సందులో పెట్టి గీరింది. చింతపండు చొరబడని ఆ మూలనుంచి ఎర్రటి, పసుప్పచ్చటి మట్టి పెళ్ల ఊడి తెల్లకాయితం మీద పడింది. చివరగా కాలిపర్‌తో పతకాన్ని అంచునుంచి అంచుకి కొలిచింది. మచ్చ కొలతతో సరిపోయింది.

"మీ ఫొటోలోదానికి బొమ్మ చుట్టూ ఉండే కట్టు సన్నగా ఉందండీ. ఏదో మామూలు పతకం అంచుని ఆకురాయితో అరగదీసి, పాత పేరు చెరిపి, అప్పన్నగారి పేరు కొట్టారు. బొమ్మ బాగుంది కాబట్టి అంచు ఎవరూ చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ మొదట చూడలేదు."

"ఊహలు చెప్పడంలో మీకు మీరే సాటి. అందుకే కంపెనీ మిమ్మల్ని ఉంచుకోలేదు."

"మీ సర్టిఫికెట్లో ఎన్నడూ కడగని పతకం అని రాశారు. ఇక్కడికొచ్చిన రోజు దీని మీద బొట్టు లేదా?"

లేదన్నాడతను. తను చూసినప్పుడు శుభ్రంగా నల్లగా ఉందన్నాడు.

"అదేంటి బాబూ," అంది సుబ్బాయమ్మ. "చెప్పులతో దేవుడి దగ్గరికి రాబోతే లావణ్య ఆపింది. విప్పొచ్చి, జేబురుమాలుతో బొట్టు తుడిచేవు. తడి బొట్టు, రుమాలు ఎర్రగా అయిపోయిందని విసుక్కున్నావు కూడాను. నాకు కళ్లు లేవు గాని చెవులున్నాయి."

అతని మొహంలో నవ్వు పోయింది. తేనె కూడా పోయింది. లేచి, లాల్చీ సర్దుకుంటూ, తను ఇక్కడ తీసినవి తీసినట్టే పంపానని, వేలంలో ఏ ఫొటోలు పెట్టాలో, ఏవి తియ్యాలో ఖాతా ఎవరిదో వాళ్లే ఒప్పుకోవాలని అన్నాడు. కోపంలో అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఖాతా ఎవరిదో ఆ వసారాలో అందరికీ తెలుసు.

లావణ్య స్తంభం వదిలేసింది. సత్యప్రియ ఆమె వైపు చూడలేకపోయింది. ఇంతసేపూ ఎవరు మార్చారన్నదే చూసింది గాని, కొత్త ఫొటో వేలంలోకి ఎక్కడానికి ఎవరు తలూపి ఉండాలన్నది ఆలోచించలేదు. భార్య ఇది మనది కాదంటే నోరు మూసుకోమన్నవాడి సంగతి భార్యాభర్తల మధ్య మామూలు కసురుడనుకుని వదిలేసింది. ఇళ్లల్లో అలాంటి కసుర్లు రోజూ వినీ వినీ, తన చెవి కూడా మొద్దుబారిపోయిందన్నమాట.

అప్పుడే చెంబుకి ఆనించిన ఫోన్ మోగింది. రికార్డింగు ఆగిపోయి, తెర నిండా ఒక బొమ్మ వచ్చింది. నల్లకళ్లద్దాలు, తెల్ల కారు బానెట్ మీద చెయ్యి. లావణ్య ఆ బొమ్మనే తన ఫోన్లో రోజూ చూస్తుంది.

గోపీకృష్ణ చెయ్యి చాపాడు. సత్యప్రియ చెయ్యి ముందు చేరింది. ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, సుబ్బాయమ్మ ఒళ్లో పతకం పక్కన ఉంచింది.

"ఏమండీ గోపీకృష్ణగారూ, అయిపోయిందా?" వెనకాల రోడ్డు మీద బళ్ల చప్పుడు, ఆ పైన హుషారైన గొంతు. "మా అమ్మ మాది కాదని చెప్పేసిందా? లావణ్యకి అనుమానం రాలేదు కదా? ఇక్కడ కొనే పార్టీ ఫొటోలోదీ అసలుదీ రెండూ కావాలంటున్నాడు, దాన్ని కూడా రాత్రికే పంపించెయ్యండి, రత్నం వాటా గొడవ కూడా ఉండదు."

సుబ్బాయమ్మ ఫోన్ ఎటువైపుందో తడిమి చూసుకుని, నోటి దగ్గరికి తెచ్చుకుంది. రెండో చేత్తో లావణ్య కోసం గాల్లో వెతికింది. లావణ్య వచ్చి ఆ చెయ్యి పట్టుకునేదాకా ఆగింది.

"మాదేనని చెప్పేనురా అబ్బాయ్," అంది.